పంతొమ్మిది మంది చచ్చినవాళ్ళ అభిప్రాయాలు

ఫోన్ లియాన్ సెక్షన్,
1987 ఫిబ్రవరి 14, శనివారం.

శ్రీయుత కార్యదర్శిగారి సముఖమునకు,
ప్రజాభిప్రాయాల విభాగం, రాజ్యాంగ సభ,
పోర్టో ప్రిన్స్ నగరం, హైతీ.

అర్జీదారు: సెంతానీజ్ ఒక్సిలుస్, ఇల్ఫ్రాన్ ఒక్సిలుస్ భార్య, వయసు నలభై ఎనిమిది, వృత్తి కొండ సరుకు నెత్తిన మోసి పట్నం సంతలో అమ్ముకొనుట.

అయ్యా,

విషయం: మా కొండ ఊళ్ళ సెక్షన్ అభిప్రాయాల రిజిస్టరును "అందులోని వ్యక్తులు మరణించినందున చెల్లదు" అని తమరు కొట్టివేయ సంకల్పించుట గురించి, మరియు, సదరు వ్యక్తులు మరణించినట్టు తమకు చెప్పిన పెద్దమనిషి పేరు నాకు తెలియజేయవలసినదిగా కోరుట గురించి.

1. తమరు పంపిన నోటీసును మా చర్చి తలుపుకు మేకు వేసి కొట్టారు. నేను స్వయముగా చదువుకున్నాను. "రిజిస్టరులో పేర్లు నమోదైన పంతొమ్మిది మంది చాలాకాలం క్రితమే మరణించినట్టు విశ్వసనీయముగా తెలిసినందున, సదరు అభిప్రాయములు సభ పరిశీలనకు అర్హములు కావు" అని అందులో ఉన్నది. ఆ వాక్యం నాలుగుసార్లు చదివాను. మొదటి రెండుసార్లు నాకు చదువు ఇంకా కొత్త కాబట్టి. తరవాత రెండుసార్లు సంతోషం పట్టలేక.

2. సంతోషం ఎందుకో విన్నవించుకుంటాను. 1981 మే పదహారో తేదీ, సంత రోజు, పొద్దున పదింటికి, మా సెక్షన్ నుంచి పదహారు మంది మగవాళ్ళను, ముగ్గురు ఆడవాళ్ళను రెండు లారీలలో ఎక్కించుకొని పోయారు. వాళ్ళలో నా భర్త ఇల్ఫ్రాన్ ఒకడు. అప్పటినుంచి ఈ ప్రభుత్వం వాళ్ళు చనిపోయారని ఏనాడూ ఒప్పుకోలేదు. పట్టుకుపోయినట్టే ఒప్పుకోలేదు. పట్నంలో సైనికుల ఠాణాకు వెళ్ళి అడిగితే, "చెరకు కోతకి దొమినికన్ దేశం పోయుంటాడు. అక్కడ ఇంకో ఆడది దొరికుంటుంది. నువ్వూ ఎవణ్ణో ఒకణ్ణి చూసుకోవే" అని నవ్వారు. మా సెక్షన్ జనన మరణ పుస్తకంలో ఆ పంతొమ్మిది మందికి జననం ఉంది, మరణం లేదు. మరణం లేదు కాబట్టి నేను విధవను కాను. చనిపోయినవాళ్ళ పూజ చెప్పమంటే ఫాదరుగారు కాగితం అడిగారు. ఆరేళ్ళుగా నల్లబట్ట కట్టుకోవడానికి కూడా నాకు హక్కు లేదు.

ఇప్పుడు రాజ్యాంగ సభ ముద్ర ఉన్న కాగితం మీద "మరణించినట్టు" అని వచ్చింది. ప్రభుత్వం నోటినుంచి వచ్చిన మొదటి చావు కబురు ఇది. కనుక మేకు ఊడబీకి ఆ నోటీసును ఇంటికి తెచ్చుకున్నాను. చర్చి తలుపుకు కావలసి వస్తే తమరు ఇంకొకటి పంపుకోవలసి ఉంటుంది.

3. అయితే తమ సముఖమున నాదొక సందేహం. ఈ పంతొమ్మిది మంది ఉన్నారా, పోయారా? ప్రభుత్వ పుస్తకం ప్రకారం ఉన్నారంటే, వాళ్ళు ఈ దేశ పౌరులు, వాళ్ళ అభిప్రాయం తమరు పుచ్చుకొని తీరాలి. పోయారంటే, ఏ రోజున పోయారు? ఎక్కడ, ఎవరి చేతిలో, ఏ గోతిలో? రాజధానిలో ఫ్యాను కింద కూర్చున్న తమకు ఇది కలలో కనిపించి ఉండదు. "విశ్వసనీయముగా తెలిసినందున" అన్నారు. ఆ విశ్వసనీయుడు ఎవరో నాకు తెలుసు. తమ నోటితో చెప్పించాలని నా పంతం.

4. సదరు విశ్వసనీయుడు మా సెక్షన్ గుమాస్తా క్లెరిస్మే దోర్మేయస్ గారు. ఇరవై ఏడేళ్ళుగా మా పుట్టుకలు, చావులు రాసేది ఆయనే. ఆయన దస్తూరి చూసి పరాయి ఊరి ఫాదర్లు కూడా మెచ్చుకుంటారు. పెద్ద అక్షరాల చివర పంది తోకలాగా ఒక మెలిక తిప్పుతారు. నా కూతురికి జ్ఞానస్నానం చేయించిన రోజున జ్ఞానతండ్రిగా నిలబడింది కూడా ఆయనే. అప్పటినుంచి ఆయన నన్ను వదినా అంటారు, నేను మరిదిగారూ అంటాను. మాలో ఆ వరస రక్తసంబంధం కంటే ఒక మెట్టు పైన.

నా భర్త ఎక్కడున్నాడో చెప్పమని ప్రభుత్వానికి ఆరు అర్జీలు పెట్టుకున్నాను. నేను చెబుతుంటే ఆరూ రాసిపెట్టింది దోర్మేయస్ గారే. రాస్తూ ఏడ్చారు. నిజంగా కళ్ళవెంట నీళ్ళు కారి కాగితం మీద పడితే చొక్కా కొసతో అద్దుకున్నారు. "సదరు" అనే మాట, "విన్నవించుకొనుచున్నాను" అనే మాట, అన్నీ ఆయన నోట విని నేర్చుకున్నాను. ఈ అర్జీలో పద్ధతి బాగుందని తమకు తోస్తే ఆ గొప్ప ఆయనది. ఆరింటికీ జవాబు రాలేదు.

5. పోయిన ఏడు ఫిబ్రవరిలో ప్రెసిడెంటుగారు పెళ్ళాంతో సహా విమానమెక్కి వెళ్ళిపోయాక, మా సెక్షన్ మీద పోలీసు పెత్తనం చేసిన చీఫ్ ఠాణాను జనం పునాదులతో సహా పెకలించారు. చీఫ్ ముందు రోజే కంచరగాడిదనెక్కి సరిహద్దు దాటాడు. దొరికినవాళ్ళు దొరికినట్టు రేకులు, తలుపులు, మంచాలు మోసుకుపోయారు. మరుగుదొడ్డి మీది పలకను కూడా వదల్లేదు. నేను ఒక పుస్తకం తెచ్చుకున్నాను. నాకు అప్పటికి చదువు రాదు. మధ్యలో ఒక పేజీలో పేర్లలాగా వరసలు కనిపిస్తే దాన్ని చింపి, ఊళ్ళో చదువొచ్చిన ఏకైక మనిషి దగ్గరికి పట్టుకెళ్ళాను.

"ఇదేంటో కాస్త చూసిపెట్టండి మరిదిగారూ."

ఆయన కళ్ళజోడు తుడుచుకొని, పేజీని వెలుతురుకు ఎత్తి, తీరిగ్గా చూశారు.

"ఇదా! పందుల లెక్క వదినా. నల్లపందుల్ని చంపించారు చూడు, ఎవరింట్లో ఎన్ని చంపారో రాసుకున్నారు. పొయ్యి రాజెయ్యడానికి పనికొస్తుంది."

"మాది కూడా ఉందా ఇందులో?"

"లేకేం. ఇదిగో, ఏడో వరస. నీది ఒకటి."

తమకు తెలియనిది కాదు. జబ్బు వచ్చిందని చెప్పి దేశంలో ఉన్న నల్లపందులన్నింటినీ చంపించారు. నాకున్న ఒక్కదాన్నీ చంపారు. అందుకని ఆయన చెప్పింది నమ్మాను. పొయ్యిలో పెట్టబుద్ధి కాక ఆ పేజీని చూరులో దోపుకున్నాను, చచ్చిన పంది మీద అభిమానంతో.

6. ఆ తరవాత చర్చివారు మా సెక్షన్‌లో అక్షరాల బడి పెట్టారు. కుంటి బోనిఫాస్ ఇంటి వసారాలో ముప్పై మందిమి చేరాం. దోర్మేయస్ గారు దారిన పోతూ ఆగి చూసి, "ఈ వయసులో నీకెందుకొచ్చిన తిప్పలు వదినా! నేనున్నాగా" అన్నారు. తరవాత ఎన్నడూ అటువైపు రాలేదు. మేము చదువుతున్నామో కునుకుతున్నామో ఆయన పట్టించుకోలేదు.

ఎనిమిది నెలలకు, అక్టోబరులో, చూరులోనుంచి పేజీ తీశాను. పైన "లారీ ఎక్కించవలసినవారు: 19" అని ఉంది. తేదీ 1981 మే పన్నెండు, పందుల్ని చంపడం మొదలుపెట్టడానికి ఏడాది ముందు. మొదటి వరసలో తెరామెన్ పోలిదోర్, మా పక్కింటి మెరిలియా పెద్దమ్మ కొడుకు. ఏడో వరసలో ఇల్ఫ్రాన్ ఒక్సిలుస్. పెద్ద అక్షరాలన్నిటికీ చివర పంది తోక. ఏడో వరసలో ఇంకొక సంగతి కూడా ఉన్నది. అది ఈ అర్జీకి అవసరం లేదు.

నా భర్త గురించి ఒక్క మాట. ఆయన నోట్లో నాలుక లేని మనిషి. చీఫ్ మా వాగు నీళ్ళను తన చెరకుతోటకు తిప్పుకున్నప్పుడు సంతలో నిలబడి అరిచినవాళ్ళు పద్దెనిమిది మందీ నేనూ. ఆయన ఆ పూట కూడా గాడిద తాడు పట్టుకొని దూరంగా నిలబడి, "పోదాం పదవే, ఎండెక్కుతోంది" అన్నాడు. అరిచిన పద్దెనిమిది మందినీ పట్టుకుపోయారు. అరవనివాణ్ణి కూడా పట్టుకుపోయారు. అందరికంటే గట్టిగా అరిచిన నన్ను వదిలేశారు. దీనికి ఊరంతా ఆరేళ్ళుగా వింతపడుతున్నది.

7. పేజీ చదివిన రోజున దోర్మేయస్ గారి ఇంటికి నిప్పు పెట్టి ఉండవచ్చు. రాజధానిలో ఇలాంటివాళ్ళ మెడలో టైర్లు వేసి తగలబెట్టిన సంగతి తమకు నాకంటే బాగా తెలుసు. సంగతి చెప్పగానే బోనిఫాస్ కత్తి నూరుకొని వచ్చాడు. వద్దన్నాను. దయతో కాదు, తమరు పొరపాటు పడవద్దు. నరికేస్తే ఒక్క క్షణంలో అయిపోతుంది, ఆ క్షణంలో ఆయనకు ఏమీ అర్థం కాదు. అదీగాక ఆ పేజీ చీఫ్ దస్తూరి అని ప్రమాణం చేసేవారు, సగం ఊరు నమ్మేది, ఆయన చాలామంది పిల్లలకు జ్ఞానతండ్రి. ఆ పంతొమ్మిది పేర్లను అదే వరసలో, అదే చేత్తో, పట్టపగలు నలుగురి ఎదుటా మళ్ళీ రాయించాలి. కింద ఆయన సంతకం పడాలి. దానికి మార్గం కనిపించక డిసెంబరు దాకా కడుపులో పెట్టుకొని తిరిగాను. అప్పుడు రాజ్యాంగ సభవారు ఊరూరా తిరిగి జనం అభిప్రాయాలు రాసుకుంటున్నారని పట్నంలో రేడియోలో విన్నాను. మా వంతు జనవరి ఇరవై రెండు అన్నారు.

8. జనవరి ఒకటిన, స్వాతంత్ర్యం వచ్చిన రోజున, ప్రతి ఇంటా గుమ్మడికాయ సూపు కాచి ఇరుగుపొరుగులకు పంచడం మనకు ఆచారం. ఆ రోజు ఒక ఆడమనిషి బిందె పట్టుకొని ఎన్ని ఇళ్ళు తిరిగినా ఎందుకని అడిగేవాడు ఉండడు. నేను పద్దెనిమిది ఇళ్ళు తిరిగాను. మనుషులు వలసపోయి తాళం పడ్డ ఇళ్ళుంటే పక్కింటివాళ్ళకు పోశాను. గిన్నెలో సూపు, చెవిలో ఒక మాట: "ఇరవై రెండో తారీకున గుమాస్తా పేరడిగితే మీ పోయినవాళ్ళ పేరు చెప్పండి. ఎవరి తరవాత ఎవరు లేవాలో నేను చెబుతాను." బిందె అడుగున మిగిలింది దోర్మేయస్ గారింటికి కూడా తీసుకెళ్ళాను. రెండుసార్లు పోయించుకున్నారు. ఉప్పు సరిపోయిందన్నారు.

మూడు వారాలు ఏ ఒక్కరూ నోరు జారలేదు. మా ఊళ్ళో కోడి గుడ్డు పెట్టినా సాయంత్రానికి అందరికీ తెలుస్తుంది. అలాంటి ఊరు మూడు వారాలు ఊపిరి బిగబట్టింది.

9. ఇరవై రెండో తేదీన జరిగినది. తమ విభాగం నుంచి కళ్ళజోడు పెద్దమనిషి ఒకరు జీపు దిగి, చర్చి పక్క పాకలో బల్ల వేయించుకున్నారు. మంచి మనిషే. బూట్లకు బురద అంటినా విసుక్కోలేదు. "దేశానికి కొత్త రాజ్యాంగం రాస్తున్నాం. అందులో ఏముండాలో మీరే చెప్పండి. భయపడకండి, ఆ రోజులు పోయాయి" అన్నారు. రాసుకోవడానికి ఎవరైనా ఉన్నారా అని చుట్టూ చూశారు. దోర్మేయస్ గారు సొంత సిరాబుడ్డితో అప్పటికే బల్ల దగ్గర ఉన్నారు.

"నేను రాస్తానండి. ఈ చుట్టుపక్కల అక్షరం ముక్క తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే."

ఆ మాట ఆయనే అన్నారు. నలుగురూ విన్నారు.

ముందు మెరిలియా పెద్దమ్మ కర్ర ఊతంతో వచ్చి నిలబడింది. పేరేమిటన్నారు.

"తెరామెన్ పోలిదోర్."

"పెద్దమ్మా, నీ పేరడిగాను."

"ఇంట్లో ఆ పేరే మిగిలింది నాయనా. రాసెయ్."

కళ్ళజోడాయన, "ఏ పేరు చెబితే అదే రాయండి గుమాస్తాగారూ, వాళ్ళిష్టం" అన్నారు. పెద్దమ్మ అభిప్రాయం: ఎవరినైనా పట్టుకుపోయేటప్పుడు ఎక్కడికో తల్లికి చెప్పి పట్టుకుపోవాలి. రెండో మనిషి రెండో పేరు చెప్పాడు. మూడో పేరు బోనిఫాస్ చెప్పాడు, అది తన తమ్ముడిది. తమ్ముడికి పందులంటే ప్రాణం కాబట్టి అభిప్రాయం పందుల గురించి.

"మా నల్లపందుల్ని మాకిప్పించాలండి. వాటి బదులు అమెరికా తెల్లపందులిచ్చారు, అవి పడుకోడానికి సిమెంటు గచ్చు అడుగుతున్నాయి. నాకే లేదండి గచ్చు."

"అది రాజ్యాంగంలో రాసేది కాదయ్యా," అన్నారు కళ్ళజోడాయన నవ్వాపుకుంటూ.

"ఎందుక్కాదు? చంపమని కాగితం మీదే కదండీ రాశారు. ఇవ్వమని కూడా కాగితం మీదే రాయండి."

పాకలో అందరూ నవ్వారు. దోర్మేయస్ గారు నవ్వలేదు. మూడు పేర్లూ వరసగా చూసుకొని తలెత్తారు. నాలుగో మనిషి పేరు చెప్పకముందే ఆయన పెదాలు ఆ పేరు పలికాయి. అయ్యా, ఆ పెదాలు కదలడం నేను చూశాను. ఆరేళ్ళలో నాకు కడుపు నిండింది ఆ ఒక్కసారే.

ఐదో మనిషి దగ్గర కళ్ళజోడాయన, "సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఆరు దాకా ఎవరినీ అరెస్టు చెయ్యకూడదని రాస్తున్నాం" అని సంతోషంగా చెప్పారు. "బాగుందండి. మా వాళ్ళని పొద్దున పదింటికి తీసుకుపోయారు. పదింటికి కూడా ఒక ముక్క వెయ్యండి" అన్నాడు ఆ మనిషి.

ఏడో వంతు నాది.

"వదినా, వద్దు," అన్నారు దోర్మేయస్ గారు, నాకు మాత్రం వినబడేలా.

"రాయండి మరిదిగారూ. ఇల్ఫ్రాన్ ఒక్సిలుస్. చెయ్యి తడబడితే చెప్పండి, ఒక్కో అక్షరం నేను పలుకుతాను."

నాకు చదువొచ్చని ఆయనకు తెలిసింది అప్పుడు. కలం మొనలోంచి సిరాచుక్క జారి బల్ల మీద పడింది. నా భర్త అభిప్రాయంగా నేను చెప్పినది ఇది: ప్రభుత్వ కాగితం మీద ఇంకొకరి పేరు రాసే ప్రతివాడూ కింద తన పేరు కూడా రాసి తీరాలి. కళ్ళజోడాయన తలూపి, "ఇది చాలా మంచి సూచన. గుమాస్తాగారూ, మనమే మొదలుపెడదాం. ఆఖర్న మీరు సంతకం చెయ్యండి" అన్నారు. ఆయనకు పాపం ఏమీ తెలియదు, ఆయన మీద చర్య తీసుకోవద్దని నా మనవి.

పదో పేరు దగ్గర దోర్మేయస్ గారు కలం కింద పెట్టారు. మొహం కడిగినట్టు చెమట. "ఒంట్లో బాగాలేదండి. ఇంకెవరినైనా..." అన్నారు.

"ఇంకెవరున్నారండీ! ఈ చుట్టుపక్కల అక్షరం ముక్క తెలిసినవారు మీరొక్కరే కదా," అన్నాడు బోనిఫాస్.

పాకలో అక్షరాల బడి చదివినవాళ్ళం ముప్పై మందిమి ఉన్నాం. ఎవరూ కదల్లేదు. ఎవరో మంచినీళ్ళు అందించారు. ఆయన తాగి, మిగతా తొమ్మిది పేర్లూ రాసి, కింద క్లెరిస్మే దోర్మేయస్ అని సంతకం చేశారు. చివర పంది తోక మెలిక కూడా తిప్పారు. ఆ చెయ్యికి అది అలవాటు.

10. ఆ తరవాత ఆయన ఇంట్లో కూర్చొని తమకు ఒక ఉత్తరం రాశారు, ఆ పేర్లవాళ్ళు చాలాకాలం క్రితమే చచ్చారు కాబట్టి రిజిస్టరు చెల్లదని. రిజిస్టరు కొట్టేస్తే సంతకం పోతుందని ఆయన ఆశ. కానీ వాళ్ళు చచ్చారని రాసింది ఎవరు? జనన మరణ పుస్తకంలో ఒక్క చావు కూడా రాయని గుమాస్తా. ఆరుసార్లు నాతో పాటు ఏడ్చి "ఎక్కడున్నాడో తెలుపవలసినది" అని అర్జీ రాసిన గుమాస్తా. తమరు దయచేసి ఈ విషయం రెండుసార్లు చదవండి. నాకు రెండోసారి చదివితే గాని ఏదీ బుర్రకెక్కదు, తమకు మొదటిసారే ఎక్కవచ్చు.

11. పాత ప్రభుత్వానికి అత్యుత్సాహంగా ఊడిగం చేసినవాళ్ళను పదేళ్ళపాటు ఏ పదవిలోకీ రానివ్వకూడదని రాజ్యాంగంలో రాస్తున్నారని విన్నాను. పదేళ్ళా? దోర్మేయస్ గారికి అరవై ఒకటి. పదేళ్ళు వాకిట్లో కుర్చీ వేసుకొని కాఫీ తాగమంటున్నారన్నమాట. దాన్ని మా కొండ మీద శిక్ష అనరు, విశ్రాంతి అంటారు. కనుక నా ప్రార్థనలు ఇవి.

మొదటిది, మా రిజిస్టరు కొట్టివేయకూడదు. నేను చూరులోంచి తీసిన పేజీని జడ్జిగారు అడిగిన రోజున స్వయంగా తెచ్చి, రిజిస్టరు పక్కన పెట్టి చూపిస్తాను. పోస్టులో మాత్రం పంపను.

రెండోది, సదరు గుమాస్తా తమకు రాసిన ఉత్తరం నకలు నాకు ఇప్పించాలి. పంతొమ్మిది మంది ఎక్కడ చచ్చారో, ఎక్కడ పూడ్చారో ఆయనను ప్రమాణం మీద అడిగించాలి. తెలియకుండా రాశానంటే అబద్ధపు ఉత్తరం, తెలిసి రాశానంటే మాకు గొయ్యి చూపించాలి.

మూడోది, కొత్త రాజ్యాంగం జనానికి వచ్చిన భాషలో అచ్చు వేస్తున్నారట. మా సెక్షన్‌కు అచ్చు ప్రతి ఒక్కటి చాలు. దాన్ని చూసి దోర్మేయస్ గారు పంతొమ్మిది ఇళ్ళకు పంతొమ్మిది ప్రతులు చేత్తో రాయాలి, మొదటి అక్షరం నుంచి చివరిదాకా, ఒక్కో దాని కింద సంతకంతో. మనిషి ప్రాణం గురించి ఉన్న భాగం పంతొమ్మిది సార్లు రాయాలి. పట్టుకుపోయినవాణ్ణి ఎక్కడ ఉంచారో చెప్పాలనే భాగం పంతొమ్మిది సార్లు రాయాలి. ప్రతి ప్రతినీ నేను కూర్చొని చదువుతాను. ఒక్క తప్పు కనిపించినా చించి పొయ్యిలో వేస్తాను, ఆయన మళ్ళీ మొదటినుంచి రాయాలి. నాకు చదువు నెమ్మది. ఆయన చెయ్యి పడిపోయేదాకా నాకు తీరిక ఉంది.

తమ చిత్తానికి ఇది ఎక్కినా ఎక్కకపోయినా, ఆరు అర్జీల మౌనం తరవాత ఈ ఒక్కదానికి జవాబు వ్రాయించవలెను.

తమ జవాబుకు మాత్రమే విధేయురాలు,
సెంతానీజ్ ఒక్సిలుస్
(స్వహస్తముతో)

తా.క.: పైది నిన్న ముగించాను. ఈ రోజు ఆదివారం. పూజ నుంచి వచ్చేసరికి దోర్మేయస్ గారు నా వాకిట్లో నిలబడి ఉన్నారు, చేతిలో నారతో కట్టిన కాగితాల కట్ట. నా ఆరు అర్జీలు. ఒక్కటీ కొండ దిగలేదు.

"పంపితే చీఫ్ చంపేసేవాడు వదినా. నన్నూ, నిన్నూ."

"రాస్తూ ఏడ్చారు కదండీ."

"ఏడుపు నిజమే."

కూర్చోమనలేదు. ఆయన నిలబడే అడిగారు.

"ఆ పేజీ నీ దగ్గరుంది కదా. ఏడో వరస సరిగ్గా చూశావా?"

"చూశాను. అక్షరాల బడిలో నాకు మొదట నేర్పింది నా పేరు. ఎన్ని గీతలు కొట్టినా దాని కింద నా పేరు నాకు కనబడుతుంది."

"చీఫ్ చెప్పింది నీ పేరే. రాశాక చెయ్యి ఆడలేదు. నీకు ఎనిమిదేళ్ళ పిల్ల, అది నా జ్ఞానపుత్రిక, తల్లి లేకపోతే ఏమవుతుంది? పంతొమ్మిదికి ఒక్కటి తగ్గినా నా పేరు వేస్తానన్నాడు. ఇంటిపేరు ఒకటే కదా, మొదటి ముక్క కొట్టేసి పైన ఆయన పేరు వేస్తే సరిపోయింది. నిన్ను బతికించాను వదినా."

చెప్పి, నా మొహంకేసి చూశారు. నేను చల్లబడతానని అనుకున్నట్టున్నారు.

"నన్ను అడిగారా?" అన్నాను. ఆరు అర్జీలూ తీసుకొని, సోమవారం నుంచి కలం, సిరా సిద్ధం చేసుకోమని చెప్పి పంపేశాను.

అయ్యా, అక్టోబరు నుంచి ఈ సంగతి ఒక్కదాన్నే మోస్తున్నాను. బోనిఫాస్‌కు కూడా చెప్పలేదు. అరిచింది నేను, పోయింది నా భర్త. గుమాస్తా మీద నా పగ ఎంతో, నా నోటి మీద కూడా అంతే. నా మూడు ప్రార్థనలూ ఉన్నవి ఉన్నట్టే ఉంచండి. ఆయన నన్ను బతికించినందుకు నేను ఒక్క అక్షరం కూడా తగ్గించను.

ఒక్కటి కలుపుకోండి. రిజిస్టరు కొట్టివేసేటప్పుడు తమ ఆఫీసులో ఒక్కో పేరు మీదా గీత గీస్తారట. ఏడో పేరు మీద మాత్రం గీయకండి. పోయినసారి నా పేరు కొట్టేస్తే ఆ చోట రాయడానికి ఇల్ఫ్రాన్ ఉన్నాడు. ఈసారి ఆయన పేరు కొట్టేస్తే ఆ చోట రాయడానికి నా పేరు ఒక్కటే మిగిలింది. దాన్ని రాయడం ఇప్పుడు నాకు వచ్చు.